మనచేత పని చేయించునది ఏది?

తెల్లవారుజామున ఇల్లాలు వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు వేయుచున్నది. లెక్క తప్పకుండ చుక్కలు పెట్టినది. గీత ఎక్కడ మొదలైనదో తిరిగి అక్కడికే వచ్చి కలియునట్లు చేయి తిప్పుచున్నది. ఒక చుక్క తప్పినచో చెరిపి మరల వేయును. ఈ పనికి ఆమెకు కూలి లేదు. మెచ్చుకొనవలసినవారు ఇంకను నిద్ర లేవలేదు. ప్రొద్దెక్కునప్పటికి పాలవాని బండిచక్రమును, బడిపిల్లల కాళ్ళును ఆ ముగ్గును చెరిపివేయును. ఆ సంగతి ఆమెకు తెలియును. తెలిసియు, రేపు ఏ ముగ్గు వేయవలెనా యని నేడే యోచించును.

అదే ఇంటిలో నెలజీతము పుచ్చుకొను ఉద్యోగి ఒకడున్నాడు. అతని బల్లపై ఒక కాగితము పది దినములుగా పడియున్నది. దానికి పట్టు కాలము అరగంటకు మించదు. చేసినచో పైవారు సంతోషింతురు, చేయనిచో మాట పడవలసి వచ్చును. అయినను ఆ కాగితము ముట్టుకొనుటకు అతనికి చేయి రాదు. ఇతర కాగితములన్నియు చూచును, బల్ల సర్దును, కాఫీ త్రాగి వచ్చును. ఆ ఒక్కటి మాత్రము రేపటికి వాయిదా పడుచుండును.

కూలి లేని పని ప్రతిదినము జరుగుచున్నది. కూలి ఉన్న పని నిలిచిపోవుచున్నది. ఇట్లేల జరుగుచున్నది? మనచేత పని చేయించునది ఏది? ధనమా, భయమా, కీర్తియా, అలవాటా? ఈ ప్రశ్నకు మనకు సమాధానము తెలియు ననియే మనలో చాలమంది తలంతురు. కాని పరిశీలించి చూచినచో, మన మనస్సును గూర్చి మనకు తెలిసినది స్వల్పమే యని తోచును.

మొదట ఒక సంగతి గమనింపవలెను. మన పని ఆగిపోయినప్పుడు మనము చెప్పు కారణము ఒకటి, పరుల పని ఆగిపోయినప్పుడు చెప్పు కారణము వేరొకటి. మన విషయమున 'తీరిక లేదు, ఒంట్లో బాగుండలేదు, సాధనములు చాలవు' అందుము. పరుల విషయమున ఒక్క మాటతో తీర్పు చెప్పుదుము: 'వాడు సోమరి.' ఈ మాట ఎంత సులభమైనదో అంత ప్రమాదకరమైనది. సోమరితన మనునది కారణము కాదు, కారణము వెదకుట మనము మానివేసిన చోటికి పెట్టుకొనిన పేరు. చదువనని మొరాయించు పిల్లవానికి పాఠము అర్థము కాకపోవచ్చును. అర్థమైనను, తప్పినచో నవ్వుదురను భయ ముండవచ్చును. భయము లేకున్నను, ఆ చదువు తండ్రి కోరినదే గాని తాను కోరినది కాకపోవచ్చును. ఏదియు కానిచో రక్తహీనతయో, చూపు మందగించుటయో కావచ్చును. ఈ నాలుగింటికి మందులు నాలుగు విధములు. 'సోమరి' అను తిట్టు వానిలో ఏ ఒక్కదానికిని మందు కాదు.

పని యందు పూనిక ఎట్లు పుట్టునను విచారము మనకు క్రొత్తది కాదు. ధర్మము, అర్థము, కామము, మోక్షము అని నాలుగు పురుషార్థములను పేర్కొనిన పెద్దలు, మనుష్యుని నడపు శక్తి ఒక్కటి కాదని ఆనాడే గుర్తించిరి. భర్తృహరి తన నీతిశతకమున మనుష్యులను మూడు తెగలుగా విభజించెను. విఘ్నములు కలుగునను భయముచేత పని మొదలుపెట్టనే పెట్టనివారు అధములు. మొదలుపెట్టి, అడ్డంకి రాగానే విడిచిపెట్టువారు మధ్యములు. ఎన్ని అడ్డంకులు వచ్చినను చేపట్టిన పనిని వదలనివారు ఉత్తములు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఈ పద్యమును మన బడులలో తరతరములవారు వల్లించిరి. 'ఆరంభశూరులు' అని మనము నిత్యము ఎత్తిపొడుచుట ఈ మధ్యమ తెగవారినే.

విభజన చక్కగనే ఉన్నది. కాని మనము అడుగవలసిన ప్రశ్న మిగిలియే యున్నది. మొదటి తెగవాడు మూడవ తెగలోనికి రాగలడా? ఆ పట్టుదల పుట్టుకతో వచ్చునదా, నేర్పినచో వచ్చునదా? ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టిన ప్రసిద్ధ ప్రయోగములలో ఒకటి మన కాకినాడ వర్తకులతో జరిగినది. దానిని గూర్చి కొంచెము వివరముగా చెప్పుకొందము.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున డేవిడ్ మెక్లెలాండ్ అను మనశ్శాస్త్రజ్ఞు డుండెను. మనుష్యులచేత పని చేయించు ఆకాంక్షలలో మూడింటిని ఆయన ప్రత్యేకముగా పరిశీలించెను. మొదటిది సాధనాకాంక్ష: చేయు పనిని నిన్నటికంటె మేలుగా చేయవలెనను కోరిక. రెండవది స్నేహాకాంక్ష: నలుగురితో కలసిమెలసి యుండవలెను, నలుగురు తన్ను ప్రేమింపవలెను అను కోరిక. మూడవది ప్రాబల్యాకాంక్ష: ఇతరులపై తన మాట చెల్లవలెనను కోరిక. ఈ మూడును అందరియందును ఉండును. పాళ్ళు మాత్రమే వేరు.

ఈ పాళ్ళు తెలిసికొనుట ఎట్లు? 'నీకు దేనియందు కోరిక?' అని అడిగినచో మనిషి తనకు తెలిసినది, పైగా చెప్పుటకు బాగుండునది మాత్రమే చెప్పును. అందుచేత మెక్లెలాండును, ఆయన సహచరులును వేరొక మార్గము పట్టిరి. ఒక బొమ్మను కొన్ని క్షణములు చూపి, దానిపై ఒక చిన్న కథ వ్రాయుమందురు. ఉదాహరణమునకు, బొమ్మలో ఒకడు బల్లముందు కూర్చుండి యున్నాడు. బల్లపై అతని కుటుంబపు ఛాయాచిత్ర మున్నది. ఈ బొమ్మను చూచి ఒకరు, 'ఇతడు ఇంజనీరు, వంతెన బరువునకు ఆగునా యని లెక్క కట్టుచున్నాడు' అని వ్రాయుదురు. వేరొకరు, 'భార్యాబిడ్డలతో సెలవుదినమున ఎక్కడికి పోవుదమా యని తలపోయుచున్నాడు' అని వ్రాయుదురు. ఇంకొకరు, 'రేపటి సమావేశములో పై అధికారులను తన త్రోవకు ఎట్లు త్రిప్పుకొనవలెనా యని చూచుచున్నాడు' అని వ్రాయుదురు. బొమ్మ ఒక్కటే, కథలు మూడు. బొమ్మలోని మనిషి మనస్సును వర్ణించితి మనుకొని, వ్రాసినవారు తమ మనస్సునే బయట పెట్టుకొనిరి.

సాధనాకాంక్ష గలవారిని గుర్తించుటకు ఆయన వాడిన ఆట యొకటి కలదు. మన తిరునాళ్ళలో వలయములు విసరి వస్తువులు గెలుచుకొను ఆట మీరు చూచియే యుందురు. అట్టిదే ఇది. నేలపై ఒక మేకు నిలిపి, దానిలో పడునట్లు వలయము విసరవలెను. ఎంత దూరమునుండి విసరవలెనో ఆడువారి ఇష్టమునకే వదలివేయుదురు. కొందరు మేకు దగ్గరనే నిలిచి, సులభముగా వేయుదురు. ప్రతి వలయమును పడును. కొందరు మిక్కిలి దూరము పోయి విసరుదురు. పడినచో అదృష్టము, పడకున్నను తప్పు తమది కాదు. సాధనాకాంక్ష గలవారు ఈ రెండును చేయరు. కష్టపడినచో పడును, ఏమరినచో పడదు అను దూరమును ఏరుకొని నిలుతురు. విసరిన ప్రతిసారియు తమ నేర్పు ఎంతయో వారికి వెంటనే తెలియును. తెలిసికొని, ఒక అడుగు ముందుకో, వెనుకకో జరుగుదురు.

సాధకుడనగా ప్రాణములకు తెగించువాడని మన సామాన్యాభిప్రాయము. ఈ ఆట దానిని సవరించుచున్నది. సాధకుడు జూదరి కాడు. తన శ్రమకును ఫలితమునకును నడుమ సంబంధము కంటికి కనబడు చోట నిలుచువాడు. మగ్గముముందు కూర్చుండిన నేతగాని చూడుడు. పేకపోగు ఒకటి తప్పినచో గుడ్డయే చెప్పును. వేరొకరు వచ్చి చెప్పనక్కరలేదు. ఆ పనిలోని తృప్తికి ఇది ఒక ముఖ్యకారణము.

ఇక కాకినాడ సంగతి. హైదరాబాదులో చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణసంస్థ అను ఒక సంస్థ 1962 నుండి పనిచేయుచుండెను. నేడు అది జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ అను పేర యూసఫ్‌గూడలో నడచుచున్నది. 1964లో ఈ సంస్థతో కలసి మెక్లెలాండ్ బృందమువారు తమ ప్రయోగమును ప్రారంభించిరి. కాకినాడ నెన్నుకొనుట యుక్తముగనే ఉన్నది. గోదావరి డెల్టా అంచున ఉన్న పట్టణము. ఓడరేవు కలదు, చుట్టును పంటపొలములు కలవు, చదువుకొనినవారును, మదుపు పెట్టగల వర్తకులును కలరు. ఇన్ని వసతులున్న చోట పరిశ్రమలు ఇంకను పెరుగవలసి యుండగా పెరుగకుండుటకు కారణము మనుష్యుల మనస్సులో నున్నదా యనునది ప్రశ్న.

కాకినాడ వర్తకులు, చిన్న పరిశ్రమల యజమానులు సుమారు 50 మంది జట్లుజట్లుగా హైదరాబాదు వచ్చి శిక్షణ పొందిరి. ఆ శిక్షణలో వ్యాపారపు లెక్కలు నేర్పలేదు, అప్పు ఇప్పింపలేదు. బొమ్మలు చూచి కథలు వ్రాయించిరి. ఎవరి కథలలో ఏ ఆకాంక్ష ఎంత ఉన్నదో వారిచేతనే లెక్కింపజేసిరి. ఆటలాడించి, ఎంత దూరమునుండి విసరుచున్నారో గమనింపజేసిరి. తమలో తాము నిరాశగా మాటాడుకొను అలవాటును మాన్పజూచిరి. చేయదలచిన పనిని స్పష్టముగా వ్రాసికొని, అది ఎంతవరకు వచ్చినదో అప్పుడప్పుడు చూచుకొనుడని చెప్పిరి.

తిరిగి ఇంటికి పోయిన పిమ్మట వారి వ్యాపారములను గమనించి, శిక్షణ పొందని వర్తకుల వ్యాపారములతో పోల్చి చూచిరి. శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది క్రొత్త పనులు చేపట్టిరి, ఎక్కువ శ్రమించిరి, మదుపు పెంచిరి. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ అనువారు ఈ ఫలితములను 1969లో గ్రంథముగా ప్రకటించిరి. వాని నుండి మనము ముఖ్యముగా గ్రహింపదగినవి రెండు.

మొదటిది: సంప్రదాయములు మన అభివృద్ధికి అడ్డువచ్చునను మాట ఆ కాలమున తరచుగా వినబడుచుండెను. కాని కులము గాని, పాత నమ్మకములు గాని, ఆచారములు గాని, పాశ్చాత్య వేషము గాని ఈ మార్పును నిర్ణయింపలేదని తేలినది. పంచె కట్టినవానికిని, పంట్లాము తొడిగినవానికిని పూనిక ఒక్క విధముగనే పుట్టినది. పట్టుదల వచ్చుటకు పూర్వికులను విడువనక్కరలేదు. రెండవది: దుకాణమున పెత్తనము తమ చేతిలో ఉన్నవారియందు మార్పు బాగుగా కనబడినది. నిర్ణయము తండ్రిదో, అన్నదో అయిన చోట పూనిక పుట్టినను దానికి దారి దొరకలేదు. చేతులు కట్టివేసి, మనస్సును మేల్కొలిపినచో మిగులునది బాధయే.

ఈ ప్రయోగము మీద విమర్శలును వచ్చినవి. ఒక పట్టణములోని కొలదిమంది వర్తకులను చూచి దేశమునకంతకు సూత్రము కట్టరాదు. 1961లో వెలువడిన ది అచీవింగ్ సొసైటీ అను గ్రంథమున, బాలుర వాచకములలోని కథలకును దేశ సంపదకును సంబంధ మున్నదని మెక్లెలాండ్ చెప్పెను. తరువాతి పండితులు కొందరు ఆ సంబంధము అంత గట్టిది కాదనిరి. పెట్టుబడి, రహదారి, విద్యుత్తు, న్యాయమైన ధర ఇవి లేనిచోట పూనిక ఒక్కటే పరిశ్రమ స్థాపింపదు. ఈ హద్దులు పాటించినచో, కాకినాడ మనకు చెప్పు మాట నిలుచును: పూనిక రాతిపై గీత కాదు, దానిని పెంచవచ్చును.

ఇక పనిచేయించువారి వైపు చూతము. పనివారికి కావలసినది జీతమా, ఆదరమా యను వాదము చాల కాలముగా ఉన్నది. అమెరికాలోని షికాగో నగర సమీపమున హాథరన్ కర్మాగారములో 1924 నుండి 1932 వరకు పరిశోధనలు జరిగెను. దీపముల వెలుతురు పెంచినప్పుడు పని పెరిగినది, తగ్గించినప్పుడును అనుకొనినట్లు తగ్గలేదు. తమ్మును గమనించుచున్నారను భావమే పనివారిని ఉత్సాహపరచినదని కొందరు చెప్పిరి. ఆ లెక్కలు అంత స్పష్టమైనవి కావని తరువాత మరికొందరు తేల్చిరి. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు సుమారు 200 మంది ఇంజనీర్లను, గణకులను విచారించి, ఒక సిద్ధాంతము ప్రకటించెను. పనిలో మిక్కిలి సంతోషము కలిగిన సందర్భము చెప్పుడనగా వారు సాధించిన కార్యమును, దొరకిన గుర్తింపును, అప్పగించిన బాధ్యతను చెప్పిరి. మిక్కిలి దుఃఖము కలిగిన సందర్భము చెప్పుడనగా యాజమాన్యపు పద్ధతులను, పై అధికారి తీరును, జీతమును చెప్పిరి.

ఇందులో ఒక చమత్కార మున్నది. మంచి జరిగినప్పుడు 'నేను సాధించితిని', చెడు జరిగినప్పుడు 'వారు చెరచిరి' అనుట మానవ సహజము. విమర్శకులు ఈ దోషమునే ఎత్తి చూపిరి. అయినను ఆ సిద్ధాంతమున ఒక సత్యాంశ మున్నది. జీతము చాలనిచో మనిషి కుములును. చాలినంతమాత్రమున పనిని ప్రేమింపడు.

ఈ మాటను కొందరు యజమానులు తమకు అనుకూలముగా త్రిప్పుకొందురు. 'ధనము వలన ఉత్సాహము రాదని శాస్త్రము చెప్పుచున్నది గనుక, శాలువ కప్పి చప్పట్లు కొట్టినచో చాలును' అందురు. ఇది శాస్త్రమును అపార్థము చేసికొనుట. ఆకలితో నున్నవానికి ఆదరము అన్నము కాజాలదు. ఇయ్యవలసిన కూలి సకాలమున ఇచ్చి, పిమ్మట ఆదరమును గూర్చి మాటాడుట న్యాయము. కూలి ఎగవేసి ప్రేరణను గూర్చి ఉపన్యసించుట వంచన.

జీతమున కొక హద్దున్నట్లే బహుమానమునకును ఒక హద్దు కలదు. తల్లిదండ్రులు ఈ భాగమును ప్రత్యేకముగా ఆలకింప గోరుదుము. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అను మువ్వురు ఒక శిశువిద్యాలయములో చేసిన ప్రయోగమును ప్రకటించిరి. మూడు నుండి ఐదేండ్ల పిల్లలు. రంగుల కలములతో బొమ్మలు గీయుట యందు వారికి సహజముగనే ఇష్టము. వారిని మూడు జట్లు చేసిరి. ఒక జట్టువారికి 'బొమ్మలు గీసినచో మంచి బహుమానపత్రము ఇత్తుము' అని ముందే చెప్పి, గీసిన పిమ్మట ఇచ్చిరి. రెండవ జట్టువారికి ముందు చెప్పక, గీసిన పిమ్మట ఇచ్చిరి. మూడవ జట్టువారికి ఏమియు ఈయలేదు. కొన్ని దినముల తరువాత ఆ కలములను మరల పిల్లల నడుమ ఉంచి, ఎవరి ఇష్టమునకు వారిని వదలివేసిరి. బహుమానమునకు ఆశపడి గీసిన జట్టువారు ఇతరులలో సగముసేపు మాత్రమే గీసిరి. ఆటగా నుండినది వారికి పనియైపోయినది. 'ఇష్టము గనుక గీయుచున్నాను' అనుకొను బిడ్డ, 'పత్రము కొరకు గీయుచున్నాను' అనుకొనెను. పత్రము లేనప్పుడు గీయుట ఎందులకు?

ఇందుచేత బహుమానములన్నియు చెడ్డవని తలపరాదు. అనుకోకుండ ఇచ్చినది హాని చేయలేదు. ఇష్టము లేని పనిని మొదలు పెట్టించుటకు చిన్న ఆశ చూపుట ఒకప్పుడు సహాయపడును. 'ఈ లెక్కలో ఈ మెట్టును చక్కగా కనిపెట్టితివి' అను మాట బిడ్డ నేర్పును బిడ్డకే చూపును గనుక మేలే చేయును. హాని చేయునది, ఉన్న ఇష్టమునకు వెల కట్టుట. కథల పుస్తకము తానై చదువుకొను పిల్లకు పుటకు ఇంత యని డబ్బు ఇచ్చుట ఎన్నడును చేయరాదు. సంక్రాంతి ముగ్గుల పోటీలు వేడుకగా జరుగవచ్చును. కాని ప్రతి ఉదయపు ముగ్గును పోటీయైనచో, పోటీ లేని ఉదయమున వాకిలి బోసిపోవును.

మేకు ఆటను మన ఇండ్లలోని చదువులకు అన్వయించి చూతము. ఎంత దూరమున నిలువవలెనో బిడ్డ ఏరుకొనుట లేదు. మేకును ఎంతో దూరమున నాటువాడు తండ్రి. పొరుగువారి పిల్లవాని వలయము పడినది గనుక మన బిడ్డది కూడ పడవలెనని పట్టుబట్టుదుము. పడని ప్రతి వలయమును బిడ్డ అప్రయోజకతకు గుర్తుగా లెక్క వేయుదుము. పరీక్షాఫలితములు వెలువడిన దినములలో కొన్ని ఇండ్ల జరుగుచున్న ఘోరములు మనకు తెలియనివి కావు. అట్టి ఇండ్లలో చాలచోట్ల ప్రేమకు కొరత లేదు. కొరత వేరొక చోట నున్నది. వలయము పడకున్నను ఈ ఇంటిలో నీ స్థానము నీదే యని బిడ్డకు ఎవరును నోటితో చెప్పియుండరు. నేడే చెప్పుడు. ఈ ప్రసంగమంతయు మరచినను, ఈ ఒక్కటి చేసినచో చాలును.

పనిపై ఇష్టము చిరకాలము నిలుచుటకు కావలసినవి మూడని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అను శాస్త్రజ్ఞులు 1980ల నుండి చెప్పుచు వచ్చిరి. ఈ పని నేనే ఎన్నుకొంటినను స్వతంత్రత. ఇది నాకు చేతనగుచున్నదను నేర్పు. నావారు నాతో నున్నారను ఆత్మీయత. వీనిలో ఏది లోపించినను పని బరువగును.

ఈ కొలతతో మన ఇంటి లోపలికే ఒకసారి చూచుకొనుట మంచిది. ముగ్గు వేయు ఇల్లాలిని మొదట ప్రశంసించితిమి. ఆమె అటుపిమ్మట చేయు పనులను చెప్పలేదు. వంట, అంట్లు, బట్టలు, పెద్దల మందులు, పిల్లల చదువులు. వీనికిని కూలి లేదు. కాని ముగ్గునకు చుక్కలు ఆమె ఎన్నుకొనెను. వంటకు కూర ఆమె ఎన్నుకొనెనా? ముగ్గును తనంతట ముగించి నిలిచి చూచుకొనెను. వంటపని ముగియునా? ఉప్పు ఎక్కువైననాడు పదిమంది చెప్పుదురు, సరిపోయిననాడు ఒక్కరును చెప్పరు. ఇట్టి పనిని ఆమె ప్రేమచేతనే చేయుచున్నదని చెప్పి మనము తప్పించుకొందుము. కొంత ప్రేమచేతను చేయుచుండవచ్చును. కాని వేరొక దారి లేకుండుటకు ప్రేమ యని పేరు పెట్టుట ఉచితము కాదు. పనిలో పాలు పంచుకొని, నిర్ణయములో పాలు ఇచ్చిననాడు అది ప్రేమయో కాదో ఆమెయే చెప్పగలదు.

చివరగా, ఎవరి మనస్సును వారు తెలిసికొనుట ఎట్లను ప్రశ్నకు కొన్ని సులభమైన ఉపాయములు చెప్పుదుము.

ఒక వారముపాటు, ప్రతిరాత్రియు ఆనాడు చేసిన పనులలో కాలము తెలియకుండ చేసిన దేదియో, గడియారము చూచుచు చేసిన దేదియో రెండు పంక్తులలో వ్రాసికొనుడు. కారణములు వెదకవలదు. ఏడవ దినమున అన్నియు కలిపి చదువుడు. పనిలో మనకు నచ్చినది ఫలితమా, తోడివారా, పెత్తనమా యను సంగతి మనము చెప్పుకొను మాటలకంటె ఆ పంక్తులు నిజముగా చెప్పును. ఈ మూడింటిలో ఏదియు నీచము కాదు. పదిమందిని నడపవలసినవానికి ప్రాబల్యాకాంక్ష కొంత ఉండుటయే మేలనియు, అది నిగ్రహముతో కూడియుండవలెననియు మెక్లెలాండే 1976లో వ్రాసెను. స్నేహమే ప్రాణమైనవానిని ఒంటరిగదిలో లెక్కలముందు కూర్చుండబెట్టుటయు, పని పరిపూర్ణత కోరువానిని రోజంతయు సభలలో త్రిప్పుటయు వృథా.

తరువాత, ఆగిపోయిన పని యొకటి తీసికొని, మనము మేకునకు ఎంత దూరమున నిలిచితిమో చూచుకొనవలెను. 'సంగీతము నేర్చుకొందును' అనునది మిక్కిలి దూరము. 'ఈ నెలలో సరళీస్వరములు తప్పులేకుండ పాడుదును' అనునది విసరదగిన దూరము. ఆపైన ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు అనునది ముందే నిశ్చయించుకొనవలెను. పీటర్ గోల్‌విట్జర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1999లో ప్రకటించిన వ్యాసమున ఈ సంగతినే నొక్కి చెప్పెను. 'వ్యాయామము చేయుదును' అను సంకల్పముకంటె, 'ఉదయము కాఫీ త్రాగగానే చెరువుగట్టు వరకు నడచెదను' అను నిర్ణయము ఎక్కువగా నెరవేరును. ఉత్సాహము వచ్చిన పిమ్మట పని మొదలుపెట్టుద మని కూర్చుండువారు చాలకాలము కూర్చుండవలసి వచ్చును. పెక్కుసార్లు పని మొదలుపెట్టిన పిమ్మటనే ఉత్సాహము వచ్చును.

ఇంత చేసినను ఒక పని మనకు రుచింపకున్నచో, అది మనది కాదేమో యని నిజాయితీగా విచారింపవచ్చును. విడువదగినచో విడువవచ్చును. విడువ వీలులేనిచో, అది ఎవరి మేలు కొరకో గుర్తుచేసికొని చేయవలెను. రుచి లేని పనిని ఇతరుల కొరకు నిష్ఠతో చేయుటయు ఒక ప్రేరణయే. మన తల్లిదండ్రులలో ఎందరో దానితోనే జీవితము గడపిరి. అన్ని రుచులును పోయి, ప్రతిదియు భారమై, నిద్రాహారములు చెడి, ఈ స్థితి వారములతరబడి సాగినచో అది ప్రేరణకు సంబంధించిన విషయము కాదు, వైద్యునికి చెప్పవలసిన విషయము. అట్టివారిని 'లెమ్ము, పని చేయుము' అని హెచ్చరించుట జ్వరము వచ్చినవానిని పరుగెత్తు మనుట వంటిది.

బల్లపై పది దినములుగా పడియున్న కాగితమును మొదట చెప్పుకొంటిమి. ఆ ఉద్యోగి సోమరి యని తీర్పు చెప్పకముందు అడుగవలసిన ప్రశ్నలు ఇప్పుడు మనకు తెలిసినవి. అది చేయుట అతనికి తెలియునా? తప్పినచో ఏమగునని భయపడుచున్నాడు? అందులో అతని నిర్ణయమునకు చోటున్నదా? చేసిన పిమ్మట అది ఎవరికి ఉపయోగపడినదో అతనికి ఎవరైన చెప్పుదురా? ఈ ప్రశ్నలు ఇతరులను అడుగునప్పుడు మనము దయగలవార మగుదుము. మనలను మనము అడుగుకొనునప్పుడు వివేకవంతుల మగుదుము. ఆ కాగితము మనదే అయినచో, రేపు ఉదయము బల్ల సర్దకముందే దానిని చేతిలోనికి తీసికొందము.